ముళ్ళపొదలు బీడు కాదు: ఒక్కరోజు నడిచి చూడండి

బాలలూ! హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టి అనే బజారు ఉంది. చార్మినారు నుంచి గుల్జార్‌హౌజు దాటి నయాపూల్ వైపు నడిస్తే రోడ్డుకు ఇరువైపులా ఒకే తీరున కట్టిన రాతి కమానులు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఈ రాతి బజారు ఆ బోర్డు కట్టించినదే. ఉర్దూలో 'పత్తర్' అంటే రాయి అని మీకు తెలుసు కదా!

ఆ రాయి గ్రానైటు. హైదరాబాదు కింద ఉన్న గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పత్తర్‌గట్టిలో పుట్టి పెరిగిన పిల్లలు ఈ రాయిని రోజూ చూస్తారు. కాని ఈ రాయి పైన ఏనాటినుంచో సహజంగా పెరుగుతూ వచ్చిన అడవిని వారిలో ఎంతమంది చూశారు? రాతి మీద మట్టి ఏర్పడి, మట్టి మీద గడ్డి మొలిచి, గడ్డిని జింక మేసి బతికే చోటు ఒకటి ఇక్కడికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దాని పేరు మహావీర్ హరిణ వనస్థలి.

ఈ వనస్థలి గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నగరంలోని ప్రతి బడీ ఏడాదికి ఒక్కరోజు తన విద్యార్థులను ఇలాంటి చోటికి తీసుకుపోయి నడిపించాలి. విహారయాత్రగా కాదు, పాఠంగా. ఎందుకంటే మన చుట్టూ ఉన్న ముళ్ళపొదల అడవిని మనం ఇంకా 'బీడు' అనే పిలుస్తున్నాం. పేరు తప్పుగా పెట్టిన వస్తువును పోగొట్టుకోవడం చాలా సులువు.

హిరన్ అన్నా హరిణమే

విజయవాడ వెళ్ళే రహదారి పక్కన, వనస్థలిపురం దగ్గర ఈ వనం ఉంది. ఒకప్పుడు ఇది నిజాం ప్రభువుల వేటస్థలం. జైన తీర్థంకరుడు మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దీనికి ఆయన పేరు పెట్టారు. అహింసను బోధించిన మహనీయుని పేరు ఒక వేటస్థలానికి పెట్టడం ఎంత చక్కని ఆలోచనో చూడండి! 1994లో దీన్ని జాతీయవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 14.6 చదరపు కిలోమీటర్లు, అంటే మూడున్నరవేల ఎకరాలకు పైమాటే.

మరో సంగతి. పాతబస్తీలో జింకను 'హిరన్' అంటారు. మన పుస్తకాల్లో 'హరిణం' అని ఉంటుంది. రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికీ, తెలుగు మాట్లాడే పిల్లవాడికీ ఆ వనం పేరులో తన మాట వినిపిస్తుంది.

పత్తర్‌గట్టి నుంచి అక్కడికి వెళ్ళడం కష్టమేమీ కాదు. దుకాణాలు తెరవకముందే బయలుదేరి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గర మెట్రో ఎక్కితే ఎల్.బి.నగర్ ఏడో స్టేషను. అక్కడ దిగి హయత్‌నగర్ వైపు వెళ్ళే బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. అయితే ఇది జంతువుల ఇల్లు, మనం అతిథులం. ఏ రోజు తెరచి ఉంటుందో, ఏ దారిలో ఎంతవరకు నడవనిస్తారో మీ ఉపాధ్యాయులు ముందుగానే అటవీశాఖవారిని అడిగి, అనుమతి తీసుకోవాలి. పిల్లలు ఒంటరిగా వెళ్ళకూడదు.

కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ తీవ్రత తక్కువ. నేల చాలావరకు చదును. కొండలెక్కే పని లేదు. అయిదో తరగతి పిల్లలు కూడా అలసట లేకుండా నడవగలరు.

జంతుప్రదర్శనశాల ఉండగా ఇది ఎందుకు?

'మాకు జూపార్కు దగ్గరే ఉంది కదా, అక్కడ పులులు, సింహాలు కూడా ఉన్నాయి' అని మీరు అనవచ్చు. నిజమే. బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రారంభమైంది. అది మంచి బడి. దేశదేశాల జంతువులు ఎలా ఉంటాయో అక్కడ తెలుసుకోవచ్చు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

కాని ఒక తేడా ఉంది. జూలో జంతువును చూస్తాం. వనంలో జంతువు జీవితాన్ని చూస్తాం. జూలో జింక ముందు గడ్డి మోపు వేసి ఉంటుంది. వనంలో ఆ గడ్డి ఎక్కడ మొలిచిందో, ఎవరు ముందు మేశారో, భయం వేస్తే ఎటు పరుగెత్తాలో జింకే చూసుకోవాలి. జూలో పది నిమిషాలకొక కొత్త జంతువు కనిపిస్తుంది. వనంలో ఒక గంట నడిచినా ఒక్క జింక కూడా కనిపించకపోవచ్చు. అప్పుడే మన కన్ను పనిచేయడం మొదలుపెడుతుంది. జంతువు లేకపోయినా దాని గుర్తులు ఉంటాయి. మెత్తని మట్టిలో రెండు చీలికల గిట్ట జాడ ఉంటే జింకో దుప్పో నడిచిందన్నమాట. మూడు వేళ్ళు ముందుకు చాచిన పెద్ద జాడ నెమలిది. నేలంతా కుళ్ళగించినట్లుంటే అడవిపంది దుంపల కోసం వెదికిందన్నమాట. నలుపు తెలుపు చారల ముల్లు దొరికితే రాత్రి ఏదుపంది ఆ దారిన పోయింది. ఇలా చదవడం నేర్చుకుంటే నేల ఒక పుస్తకం అవుతుంది.

ఇర్రి చెప్పే పాఠం

ఈ వనంలో ముఖ్యమైన నివాసి కృష్ణజింక. మన పెద్దలు మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ అన్నారు. వయసు వచ్చిన ఇర్రి వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములు దానికే అందం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇదే రాష్ట్ర జంతువు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఇదే. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో చుక్కల దుప్పిని ఎంచుకున్నది. ఈ రెండూ హరిణ వనస్థలిలో ఉన్నాయి.

ఈ రెండింటినీ మనం 'జింక' అనే అంటాం. కాని జంతుశాస్త్రం ప్రకారం ఇవి వేరు వేరు కుటుంబాలవి. దుప్పి కొమ్ము ఎముకతో చేసినది. అది రాలిపోయి మళ్ళీ కొత్తది మొలుస్తుంది. ఇర్రి కొమ్ము రాలదు. లోపల ఎముక, పైన కెరాటిన్ అనే పదార్థంతో తొడుగు ఉంటుంది. మన గోళ్ళు కూడా కెరాటిన్‌తో తయారైనవే. అంటే ఇర్రి ఆవు, మేకల కుటుంబానికి దగ్గర చుట్టం!

కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగం దాకా పరుగెత్తగలదు. ఒకప్పుడు మనదేశంలో దీన్ని తరిమే చీటాలు ఉండేవి. అక్బరు చక్రవర్తి పెంపుడు చీటాలతో కృష్ణజింకలను వేటాడించేవాడు. వేటవల్ల, గడ్డినేలలు తగ్గిపోవడంవల్ల చీటాలు నశించాయి. 1952లో మనదేశంలో చీటా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో ఆఫ్రికా ఖండంలోని నమీబియా నుంచి కొన్నింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో వనంలో వదిలారు. కృష్ణజింకను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది.

ఇంతకీ అసలు పాఠం ఏమిటి? కృష్ణజింక వేగంతో బతికే ప్రాణి. దానికి దాక్కునే చీకటి అడవి అక్కరలేదు. దూరం నుంచే శత్రువును చూడటానికీ, చూసిన వెంటనే పరుగెత్తడానికీ బయలు కావాలి. తినడానికి గడ్డి కావాలి. అంటే మనం 'ఇక్కడేముంది, ఉత్త గడ్డీ ముళ్ళూ' అనుకునే చోటే దానికి స్వర్గం.

ఇందుకు మదరాసు నగరం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. ఇప్పటి చెన్నై నగరం మధ్యలో గిండీ జాతీయవనం ఉంది. 1978లో జాతీయవనమైంది, విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అక్కడా కృష్ణజింకలు, దుప్పులు కలిసి ఉన్నాయి. కాలక్రమేణా బయలు ప్రదేశాల్లో పొదలు, చెట్లు కమ్ముకున్నాయి. పొదల మధ్య బతకగల దుప్పులు పెరిగాయి. బయలు కోరే కృష్ణజింకలు తగ్గాయి. చెట్లు పెరిగినా ఒక ప్రాణికి ఇల్లు చిన్నదైపోయిందన్నమాట!

వానకాలంలో మనం బళ్ళో మొక్కలు నాటుతాం. చాలా మంచిపని. పత్తర్‌గట్టి వంటి రాతి బజారులో ఒక వేపచెట్టు నీడ ఎంత విలువైనదో వైశాఖమాసంలో నడిచినవారికి తెలుస్తుంది. కాని గడ్డినేల కనిపిస్తే చాలు అక్కడ చెట్లు నాటేయాలనుకోవడం శాస్త్రం కాదు. ఏ నేలకు ఏది తగునో తెలుసుకుని నాటడమే శాస్త్రం.

ముళ్ళు ఎందుకు, చిన్న ఆకులు ఎందుకు?

హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లోనే కురుస్తుంది. మిగిలిన నెలల్లో మొక్క నీటిని పొదుపుగా వాడుకోవాలి. అందుకే తుమ్మ, చండ్ర, జమ్మి ఆకులు సన్నసన్నగా ఉంటాయి. ఆకు చిన్నదైతే ఆవిరై పోయే నీరు తక్కువ. రేగు, బలుసు వంటివి ముళ్ళతో మేకల నుంచి, జింకల నుంచి తమను కాపాడుకుంటాయి. మోదుగ ఎండాకాలానికి ముందే ఆకులు రాల్చి, కొమ్మ నిండా నారింజ ఎరుపు పూలు పూస్తుంది. తంగేడును అందరూ ఎరుగుదురు. బతుకమ్మలో పేర్చేది ఆ పసుపు పూలనే. దాని బెరడుతో తోళ్ళు ఊనేవారు. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే.

పొదల నడుమ చెదపుట్టలు కనిపిస్తాయి. చెదలు ఎండిన పుల్లలను, గడ్డిని తిని మళ్ళీ మట్టిలో కలుపుతాయి. ఆ చెదలను పక్షులు, తొండలు తింటాయి. తొండలను గద్ద తింటుంది. నేల మీద గులకరాళ్ళ మధ్య తీతువుపిట్ట గుడ్లు పెడుతుంది. గుడ్డు రంగు అచ్చం గులకరాయి లాగే ఉంటుంది. దగ్గరికి వెళ్ళితే తల్లి పైన తిరుగుతూ అరుస్తుంది. మనల్ని తిడుతున్నదని అనుకోండి! వెంటనే వెనక్కి తిరగాలి. దారి తప్పి నడవవద్దని అటవీశాఖవారు చెప్పేది ఇందుకే. ఒక్క అడుగు పక్కకు వేస్తే ఒక కుటుంబం పోతుంది.

రెండు చిన్న ప్రయోగాలు

ఈ నడక పాఠం కావాలంటే నోటుబుక్కు, పెన్సిలు ఉండాలి. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1931, 1932 సంవత్సరాల్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. చూసినదాన్ని చూసినచోటే రాసుకోవడం అలాంటి సర్వేలకు పునాది. ఆ పని మీరూ చేయగలరు.

మొదటి ప్రయోగం. తరగతిని రెండు జట్లు చేయండి. ఒక జట్టు మధ్యాహ్నం 12 గంటలకు పత్తర్‌గట్టి కమాను నీడలో, తరువాత ఎండలో గదివేడిమి కొలిచే థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూడాలి. అదే సమయానికి రెండో జట్టు వనంలో చెట్టు నీడలో, ఎండలో చూడాలి. నాలుగు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఎందుకు అన్నది మీరే చర్చించుకోండి. జవాబు నేను చెప్పను.

రెండో ప్రయోగం. ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోయండి. గడ్డి మొలిచిన నేల మీద మరో చెంబెడు పోయండి. ఏ నీరు ఎక్కడికి పోయింది? గడ్డి వేళ్ళు మట్టిలో సన్నని దారులు చేస్తాయి. చీమలు, చెదలు, వానపాములు ఇంకా దారులు తవ్వుతాయి. ఆ దారుల వెంట నీరు లోపలికి ఇంకుతుంది. గచ్చు మీది నీరు మాత్రం పల్లానికి పరుగెత్తుతుంది.

2020 అక్టోబరు 13న కురిసిన భారీ వర్షానికి హైదరాబాదులో ఎన్నో బస్తీలు నీట మునిగాయి. ఒక్క గడ్డినేల ఉంటే వరద ఆగిపోతుందని నేను అనను. చెరువులు, నాలాలు కూడా బాగుండాలి. కాని నీటిని తాగే నేల తగ్గినకొద్దీ నీటిని తోసే నేల పెరుగుతుంది. ఇది చెంబెడు నీళ్ళతో తేలే నిజం.

'కంచ' అనే మాట మరచిపోవద్దు

తెలంగాణ పల్లెల్లో ఇలాంటి నేలకు పాత పేరు ఒకటి ఉంది: కంచ. పశువులు మేసే గడ్డి, పొదలు ఉన్న నేలను కంచ అంటారు. అంటే మన పెద్దలు దాన్ని పనికిరాని భూమి అనుకోలేదు. దానికొక పేరూ, పనీ ఇచ్చారు. నగరం పెరిగేకొద్దీ పేరు మాత్రం మిగిలి నేల మారిపోతున్నది.

కంచ గచ్చిబౌలి అనే పేరు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన ఉన్న 400 ఎకరాల్లో 2025 మార్చి చివర చెట్లు తొలగించడం మొదలైంది. విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏప్రిల్ 3న కోర్టు ఆ పనులను ఆపమని ఆదేశించింది. 'ఇది అడవా, కాదా?' అన్నదే అక్కడ పెద్ద వాదన. ఆ వాదనలో న్యాయస్థానాలు చెప్పవలసింది అవి చెబుతాయి. కాని ఆ ప్రశ్న వేసుకోవడానికి ముందు మనకు ఒక కంచ ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి కదా?

మరో ఉదాహరణ చూడండి. జూబిలీహిల్స్ దగ్గర కాసు బ్రహ్మానందరెడ్డి వనం ఉంది. 1998లో జాతీయవనమైంది. ప్రతి ఉదయం ఎందరో అక్కడ నడుస్తారు. 2016లో రోడ్లు, వంతెనల కోసం దాని చుట్టూ చెట్లు నరికే ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. రోజూ నడిచే చోటు మీద మనిషికి మమకారం పుడుతుంది. చూడని చోటు గురించి ఎవరు మాట్లాడతారు?

నేను చెప్పదలచినది ఇదే. హరిణ వనస్థలి చుట్టూ ఇప్పుడు ఇళ్ళూ, రోడ్లూ నిండిపోయాయి. కంచె దానిని కొంతవరకే కాపాడుతుంది. దాని విలువ తెలిసిన మనుషులు కావాలి. వారు రేపు ఇంజనీర్లు, అధికారులు, వ్యాపారులు, ఓటర్లు అవుతారు. వారు ఇవాళ ఏడో తరగతిలో ఉన్నారు.

'పరీక్షలున్నాయి, సమయం లేదు' అని కొందరు పెద్దలు అనవచ్చు. సామాన్యశాస్త్రం పుస్తకంలో ఆహారపు గొలుసు, అనుకూలనాలు, జలచక్రం పాఠాలు ఎలాగూ చెప్పాలి. ఆ మూడూ ఈ ఒక్కరోజు నడకలో కళ్ళముందే ఉన్నాయి. 'పులి లేని అడవిలో ఏముంది?' అని కొందరు పిల్లలు అనవచ్చు. పులిని చూసి కేక వేయడం ఒక సంతోషం. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు మెరిసే నీలిరంగును చూసి నోరు మూసుకుని నిలబడటం మరో సంతోషం. రెండోది నేర్చుకున్నవాడికి ప్రతి ఊరి పొలిమేరలోనూ అడవి కనిపిస్తుంది.

కాబట్టి బాలలూ, ఈ వ్యాసాన్ని మీ సైన్సు మాస్టారికో టీచరమ్మకో చూపించండి. చలికాలంలో ఒక రోజు అడగండి. మంచినీళ్ళు, రొట్టెలో పులిహోరో వెంట తీసుకువెళ్ళండి. ఖాళీ సంచి తిరిగి ఇంటికి తెచ్చుకోండి. జింకలకు ఏమీ పెట్టవద్దు. వాటి వంట వాటికి నేలమీదే ఉంది. పాటలు, కేకలు తిరుగు ప్రయాణానికి దాచుకోండి. తిరిగి వచ్చాక మీ నోటుబుక్కులోని పేర్లు లెక్కపెట్టండి. ఆ తరువాత ఎవరైనా అలాంటి నేలను చూపించి 'ఇదంతా బీడు' అంటే, ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించండి.